చెరువుకు ఊపిరాడని వేళ

పిల్లలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు మరొకటి విప్పనివ్వలేదు. రాసినది ఆరో తరగతి చదివే అమ్మాయి. వాళ్ళ నాన్నకు చేపల చెరువు ఉన్నది. ఉత్తరంలో సంగతి ఇది:

"మొన్న తెల్లవారుజామున మా నాన్నతో చెరువు గట్టుకు వెళ్ళాను. చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పాపం, ఆకలేస్తోందనుకుని దోసెడు తవుడు వెయ్యబోయాను. మా నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేశాడు. ఎప్పుడూ నన్ను అట్లా పట్టుకోలేదు. ఎందుకని అడిగితే, 'తరవాత చెబుతా' అంటూ ఇంజను దగ్గరికి పరిగెత్తాడు. తరవాత అడగడానికి నాకు భయం వేసింది. మీరు చెబుతారా?"

చెబుతానమ్మా. నీ ఉత్తరం చదువుతూంటే నాకు ఒక కార్తికమాసంలో మా బావ చెరువు గట్టున గడిపిన రాత్రి జ్ఞాపకం వచ్చింది. ఆ రాత్రి సంగతి చెబితే నీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

మా అక్కయ్య వాళ్ళది కైకలూరు వైపు ఒక పల్లె. ఆ ప్రాంతం చూడనివారికి కాస్త చెప్పాలి. రోడ్డుకు అటూ ఇటూ కనుచూపు మేర చెరువులే. వాటి మధ్య మట్టిగట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, అక్కడక్కడ కాపలావాళ్ళ పాకలు. నీళ్ళలో వరసగా వెదురుగడలు పాతి ఉంటవి. తవుడూ చెక్కా కలిపి చిల్లుల సంచులలో నింపి, పొద్దున్నే పడవ మీద వెళ్ళి ఆ గడలకు కడతారు. చేపలు వచ్చి, చిల్లులకు మూతులు ఆనించి, తవుడు లాక్కుని తింటవి. ఎక్కువగా పెంచేది శీలావతి చేపను. దానికి తోడు బొచ్చె. అడుగున తిరగడానికి కొన్ని ఎర్రమోసులు. పట్టిన చేపలను ఐసుముక్కల మధ్య పేర్చి, లారీలలో బెంగాలుకూ అస్సాముకూ పంపుతారు. చేపల పెంపకంలో మన దేశంలో ఆంధ్రప్రదేశ్‌కు మొదటి స్థానం తెచ్చిపెట్టినవి ఇలాంటి చెరువులే.

నేను వెళ్ళిన రోజుకు మూడు రోజుల ముందునుంచీ బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నది. పెద్దవాన లేదు గాని ఆకాశమంతా మబ్బు. సూర్యుడి మొహం చూసినవారు లేరు. మా మేనల్లుడు ఏడో తరగతి. వాడు నన్ను గట్టు మీదికి తీసుకుపోయి, "చూశావా మావయ్యా, నాన్న ఇవాళ సంచులు కట్టలేదు. నిన్న కూడా సగమే కట్టాడు. చేపలకు ఉపవాసమట!" అన్నాడు.

మా బావ పాక ముందు నులకమంచం మీద కూచుని ఉన్నాడు. ఆయన నన్ను పలకరించాడు గాని, చూపు ఆకాశం మీదే ఉన్నది. "ఏమోయ్, మంచి రోజునే వచ్చావు. ఈ రాత్రి ఇక్కడే పడుకో, తమాషా చూద్దువు గాని," అన్నాడు. అది తమాషా కాదని ఆయన గొంతే చెబుతున్నది. ఆ చెరువు కౌలు చెరువు. అందులో పదివేల చేపలు పెరుగుతున్నవి. పట్టుబడికి ఇంకా రెండు నెలలు ఉన్నది. చేపపిల్లలకూ తవుడుకూ తెచ్చిన అప్పంతా ఆ నీళ్ళలోనే ఉన్నది.

బావ చేతిలో ఒక చిన్న మీటరు ఉన్నది. దాని తీగె చివరనున్న కడ్డీని నీళ్ళలోకి దించితే, లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉన్నదో అంకె చూపిస్తుంది. ప్రాణవాయువంటే మీరు బడిలో ఆక్సిజన్ అని చదువుకునేదే. సాయంకాలం అయిదు గంటలకు అంకె 6.2 అని వచ్చింది.

"ఎండ కాసిన రోజున ఇదే వేళకు పదకొండు, పన్నెండు ఉంటుంది," అన్నాడు బావ.

మా వాడికి సందేహం వచ్చింది. "నీళ్ళంటేనే హైడ్రోజనూ ఆక్సిజనూ కదా, మావయ్యా? చెరువు నిండా నీళ్ళు ఉంటే ఆక్సిజన్‌కు కరువేమిటి?"

ఈ సందేహం చాలామందికి వస్తుంది. నీటి అణువులో ఉన్న ప్రాణవాయువు హైడ్రోజనుతో గట్టిగా ముడిపడి ఉన్నది. ఆ ముడి విప్పటం చేపకు చేతకాదు. అది పీల్చేది, పంచదార కరిగినట్టుగా నీటిలో విడిగా కరిగి ఉన్న ప్రాణవాయువును. అది చాలా కొంచెమే ఉంటుంది. మన చుట్టూ ఉన్న గాలిలో, లీటరుకు సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉన్నది. అదే 30 డిగ్రీల వేడి ఉన్న మంచినీరు, గాలి తగులుతూ ఎంతసేపు ఉన్నా, లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి పట్టుకోలేదు. అంటే మనకున్న దానిలో చేపకు ముప్పై అయిదో వంతు మాత్రమే! పైగా నీరు గాలికన్నా ఇంచుమించు 800 రెట్లు బరువు. ఊపిరి తీసిన ప్రతిసారీ చేప ఆ బరువును నోటితో లాగి మొప్పలగుండా బయటికి తొయ్యాలి.

అంత కష్టమైన పనికి తగిన సాధనం కూడా దానికి ఉన్నది. మీ అమ్మ చేపను కొనేటప్పుడు మొప్ప మూత ఎత్తి చూస్తుంది, గమనించారా? లోపల ఎర్రటి దువ్వెనల్లాంటివి వరసలుగా ఉంటవి. ఆ దువ్వెనపళ్ళ మీద ఇంకా సన్నని రేకులు ఉన్నవి. ఆ రేకులలో నెత్తురు పారే దిక్కు ఒకటి, వాటి పక్కనుంచి నీరు పారే దిక్కు దానికి సరిగ్గా ఎదురు. ఇందులో ఒక కిటుకు ఉన్నది. నీరూ నెత్తురూ ఒకే దిక్కుగా నడిస్తే, సగం దూరం పోయేసరికి రెండింటిలోనూ ప్రాణవాయువు సరిసమానమై, ఇక ఇచ్చిపుచ్చుకోవటం ఆగిపోయేది. ఎదురెదురుగా నడవటంవల్ల, నెత్తురు ముందుకు పోయిన కొద్దీ తనకన్నా నిండుగా ఉన్న నీరే తగులుతూంటుంది. ఈ ఏర్పాటువల్ల చేప, తన మొప్పలను దాటిపోయే నీటిలోనుంచి నూటికి ఎనభై పాళ్ళ దాకా ప్రాణవాయువును లాగెయ్యగలదు. మన ఊపిరితిత్తులు గాలిలోనుంచి తీసుకునేది నాలుగోవంతే. మనకు అంత పొదుపు అవసరం లేదు మరి.

అయితే ఎంత గొప్ప సాధనమైనా, ఉన్నదాన్ని తీసుకోగలదేగాని, లేనిదాన్ని పుట్టించలేదు కదా! మరి చెరువులోకి ప్రాణవాయువు వచ్చేదెట్లా?

గాలి నీటిమీద వీచినప్పుడు కొంత కరుగుతుంది. కాని ఎక్కువ భాగాన్ని తయారుచేసేవి నీటిని పచ్చగా కనిపించేట్టు చేసే నాచురేణువులు. విడిగా కంటికి ఆనవు. రైతులు వాటిని "ప్లాంక్టన్" అంటారు. ఎండ తగిలినంతసేపూ అవి బొగ్గుపులుసు వాయువును తిని ప్రాణవాయువును విడుస్తవి. మొక్కలు గాలిని బాగుచేస్తవని 1771లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ అనే ఆయన కనిపెట్టాడు. కొవ్వొత్తి వెలిగి వెలిగి ఆరిపోయిన గాజుజాడీలో పుదీనా రెమ్మను ఉంచితే, కొన్నాళ్ళకు ఆ గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. కాని ఆయన ప్రయోగం ఒకసారి ఫలిస్తే మరొకసారి ఫలించేది కాదు. కారణం 1779లో ఇంగెన్‌హౌస్ అనే డచ్చి వైద్యుడు పట్టుకున్నాడు. ఆయన ఆకులను నీళ్ళలో ముంచి చూశాడు. ఎండలో ఉంచితే ఆకుల మీద బుడగలు లేచినవి. చీకట్లో పెడితే ఆగిపోయినవి. అంతే కాదు, చీకట్లో మొక్కలు కూడా మనలాగే గాలిని చెడగొడుతున్నవి!

మా బావ ఇంగెన్‌హౌస్ పేరు విని ఉండడు. కాని ఆయనకు నిద్రపట్టకుండా చేసేది సరిగ్గా ఆ సంగతే.

పగలు చెరువు ప్రాణవాయువును కూడబెడుతుంది. పొద్దు కుంకగానే సంపాదన ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. చేపలు పీలుస్తవి. పగలంతా ఇచ్చిన నాచు కూడా రాత్రి పీలుస్తుంది. అడుగున బురదలో, కుళ్ళుతున్న తవుడునూ పేడనూ తినే సూక్ష్మజీవులు అన్నిటికన్నా ఆబగా పీలుస్తవి. ఆ ఖర్చులో చేపల వాటా కొంతే. చాలామంది ఇది నమ్మరు. రాత్రంతా ఇట్లా తరిగి తరిగి, సూర్యుడు ఉదయించబోయే ముందు కూడబెట్టినది అట్టడుగుకు వస్తుంది. ఎండ బాగా కాసిన రోజున పదకొండుతో మొదలుపెట్టి, తెల్లవారేసరికి నాలుగో అయిదో మిగులుతుంది. చేపకు అది చాలు. మూడు రోజులు మబ్బు పట్టి, ఆరుతో మొదలుపెడితే?

పది గంటలకు 4.1. ఒంటిగంటకు 2.8. మూడు దాటిందంటే చేపకు ఇబ్బంది లేదు. దానికి తక్కువైతే తిండి మానేసి, మందకొడిగా అవుతుంది. ఒకటికి తక్కువై కాసేపు అట్లాగే ఉంటే చచ్చిపోతుంది.

చేపలకు ఉపవాసం ఎందుకో మా మేనల్లుడికి అప్పుడు తెలిసింది. మనం కడుపునిండా తిని పరిగెత్తితే రొప్పు వస్తుంది కదా! తిన్నది అరగటానికి ఒంటికి ఎక్కువ ప్రాణవాయువు కావాలి. చేపకూ అంతే. పైగా అది తినకుండా వదిలేసిన తవుడు అడుగుకు పోయి, బురదలోని సూక్ష్మజీవులకు విందు అవుతుంది. మబ్బు రోజున చేపకు తిండి పెట్టటమంటే, ఇంట్లో బియ్యం నిండుకున్న పూట చుట్టాలను పిలవటం వంటిది.

వేడి ఎక్కువైతే ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ తక్కువ ప్రాణవాయువును పట్టుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టేది 30 డిగ్రీలకు ఏడున్నరే పడుతుంది. చేపకు మనలాగా ఒంటివేడి ఒకే తీరుగా ఉండదు. నీరు ఎంత వేడిగా ఉంటే ఒళ్ళూ అంతే. 10 డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో పనులన్నీ ఇంచుమించు రెండింతలు జోరుగా సాగి, ప్రాణవాయువు కూడా రెండింతలు కావాలంటుంది. రాబడి తగ్గిన వేళకే ఖర్చు పెరుగుతుందన్నమాట. ఆ రాత్రి చలిగా ఉండటం మా బావ అదృష్టం.

మూడున్నరకు నన్ను మా మేనల్లుడు తట్టి లేపాడు. "మావయ్యా, విను!" అన్నాడు.

చీకట్లో చెరువంతా చిన్న చప్పుడు. వాన చినుకులు పడుతున్నట్టు ఉన్నది గాని వాన లేదు. బావ టార్చిలైటు వేశాడు. నీటి మీద వందలకొద్దీ మూతులు! గుండ్రంగా తెరుచుకుంటున్నవి, మూసుకుంటున్నవి. నీటి పైపొర గాలిని తాకుతూ ఉంటుంది గనక, అందులో మాత్రం కాస్త ప్రాణవాయువు ఎప్పుడూ ఉంటుంది. ఆ పలచని పొరకోసం వచ్చినవి అవన్నీ.

"ఆకలేసి వచ్చాయేమో, నాన్నా?" అన్నాడు మా వాడు.

బావ నోటితో జవాబు చెప్పలేదు. గట్టు మీద కాలితో గట్టిగా తన్ని, చప్పట్లు కొట్టాడు. తిండికి వచ్చిన చేప అలికిడి వింటే చటుక్కున మునిగిపోతుంది. ఇవి కదలలేదు. భయపడే ఓపిక కూడా వాటికి లేదు. మీటరు 1.4 చూపించింది.

చెరువులో రెండు ఏరియేటర్లు ఉన్నవి. అవి చక్రాల్లాగా తిరిగి నీటిని చిలుకుతవి. నీరు తుంపరలై ఎగిరితే, ప్రతి తుంపరా చుట్టూ ఉన్న గాలినుంచి ప్రాణవాయువును పట్టుకుని కిందపడుతుంది. రాత్రి పదింటినుంచీ తిరుగుతున్న ఆ చక్రాలు, గాలికి ఎక్కడో తీగె తెగి కరెంటు పోవటంతో, మూడు గంటలకు ఆగిపోయినవి. సరిగ్గా కావలసిన వేళకే! బావ డీజిలింజనుకు హ్యాండిలు వేసి తిప్పాడు. అది దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. నేను తిప్పాను. నా వల్ల ఏమవుతుంది?

ఇంతలో మా మేనల్లుడు, "నాన్నా, ఎర్రమోసులు కూడా పైకొచ్చాయి!" అని అరిచాడు.

ఎర్రమోసు అడుగున తిరిగే చేప. అది కూడా పైకి వచ్చిందంటే కింద ఏమీ మిగలలేదన్నమాట. బావ పాకలోనుంచి ఒక డబ్బా తెచ్చాడు. అందులో తెల్లటి గుళికలు ఉన్నవి. నీళ్ళలో పడితే ప్రాణవాయువును విడుస్తవి. ఖరీదైనవి, చెరువంతటికీ చాలవు. పడవ ఎక్కి, చేపలు గుంపుగా ఉన్నచోట చల్లుతూ పోయాడు. ఈలోగా పక్క చెరువు రైతు కేకలు విని తన ఇంజను బాగుచేసే కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన చెరువు మాత్రం బాగున్నదా అంటే, అదీ అంతంతమాత్రమే. అయినా వచ్చాడు. డీజిలు గొట్టంలో గాలి చేరిందట. మా వాడు లైటు పట్టుకున్నాడు. వాడి చెయ్యి వణుకుతూండటం వెలుతురు ఊగటంలో తెలుస్తూనే ఉన్నది. నాలుగూ పదికి ఇంజను అందుకున్నది.

గొట్టంనుంచి నీరు పెద్ద ధారగా లేచి, అడ్డుగా పెట్టిన చెక్కకు కొట్టుకుని, విరిగి, చెరువులో పడసాగింది. కాసేపటికి నీళ్ళు పడేచోటికి చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ చేరినవి. వాటికి ఎవరు చెప్పారో!

తెల్లవారిన తరవాత చూస్తే నలభైకి పైగా తేలి ఉన్నవి. అన్నీ పెద్దవే. ప్రాణవాయువు తక్కువైనప్పుడు ముందుగా పెద్ద చేపలే పోతవి. రైతులు దీన్నిబట్టే చావుకు కారణం రోగమా, ఊపిరా అని పోల్చుకుంటారు. బావ వాటిని ఏరుతూ ఒక్కమాట కూడా మాట్లాడలేదు. మిగిలిన చెరువు దక్కింది.

కొల్లేరు అక్కడికి దగ్గరే గనక మా వాడు, "మరి కొల్లేట్లో చేపలకు ఎవరు ఇంజను వేస్తారు?" అన్నాడు. మంచి ప్రశ్న. సరస్సు విశాలంగా ఉంటుంది, గాలికి అలలు లేస్తవి, ఏరుల నీరు వచ్చి పోతూంటుంది, ఎకరాకు ఇన్ని చేపలు ఉండవు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకచోట నీరు బాగాలేకపోతే చేప ఇంకొకచోటికి ఈదుకుపోతుంది. చెరువు చేపకు నాలుగు గట్లే లోకం. ఒకప్పుడు కొల్లేటిలోపల కూడా ఇట్లాగే గట్లు వేసి చెరువులు చేశారు. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో అక్కడి చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగగొట్టారు. ఆ కథ పెద్దది, ఇంకోసారి చెబుతాను.

రెండు రోజులకు మబ్బు విడిచి ఎండ కాసింది. మధ్యాహ్నం మీటరు 10 చూపిస్తే మా వాడు గంతులు వేశాడు. బావ మాత్రం ఒక చిన్న గాజుగొట్టంలో చెరువునీరు తీసి, మందు చుక్కలు వేసి, రంగు చూస్తున్నాడు. "ఇప్పుడు ఇంకో గండం," అన్నాడు.

మధ్యాహ్నపు గండం వేరు. అది అమ్మోనియా. మన ఒంట్లో పుట్టే చెడును మూత్రంలో పంపుతాం. చేప దానిలో చాలా భాగాన్ని అమ్మోనియాగా మొప్పలనుంచే నీటిలోకి వదిలేస్తుంది. ఈ అమ్మోనియాకు నీటిలో రెండు రూపాలు ఉన్నవి. ఒకటి ఇంచుమించు సాధువు. రెండోది విషం, మొప్పలగుండా తేలికగా లోపలికి దూరుతుంది. ఏ రూపం ఎంత ఉండేదీ నీటి పి.హెచ్. మీద ఆధారపడుతుంది. పి.హెచ్. అనేది నీటి పులుపునూ క్షారాన్నీ కొలిచే లెక్క. 7 అయితే రెండూ కాదు. తగ్గితే పులుపు వైపు, పెరిగితే సున్నపునీటి వైపు. రాత్రి అన్నీ కలిసి విడిచిన బొగ్గుపులుసు వాయువు, గోళీసోడాలో లాగా, నీటిని కొంచెం పులుపు చేస్తుంది. పగలు నాచు దాన్ని తినేయటంతో పి.హెచ్. పెరిగి, పచ్చటి చెరువులో మధ్యాహ్నానికి 9 దాకా పోతుంది. 30 డిగ్రీల వేడిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు అమ్మోనియాలో నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు. 9 అయితే నూటికి నలభైకి పైగా విషమే! అదే చెరువు, అదే అమ్మోనియా. పొద్దున చేపకు ఏమీ కాదు, మధ్యాహ్నం మొప్పలు మండుతవి. బయట అమ్మోనియా ఎక్కువైతే తన ఒంట్లోది బయటికి పోక నెత్తురులో నిలిచిపోతుంది.

కనక చేపకు ప్రాణవాయువు బాగా ఉన్న వేళకే ఈ విషం ముదురుతుంది. విషం తగ్గిన వేళకు ఊపిరి అందదు. ఈ రెండింటి మధ్య అది రోజూ ప్రయాణం చేస్తున్నది. నాచు మరీ చిక్కబడితే ఆ ప్రయాణంలో ఎత్తుపల్లాలు పెరుగుతవి. అందుకే నీరు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదనుకోవటం పొరపాటు.

అమ్మోనియాను సూక్ష్మజీవులు తిని నైట్రైటు అనే పదార్థంగా మారుస్తవి. ఇదీ మంచిది కాదు. ఇది మొప్పలగుండా నెత్తురులోకి పోయి, ప్రాణవాయువును మోసే ఎర్రటి పదార్థాన్ని పాడుచేస్తుంది. నెత్తురు గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో ప్రాణవాయువు నిండా ఉన్నా చేప ఊపిరాడక గిలగిలలాడుతుంది. దీనికి మందు వంటింట్లోదే: ఉప్పు! మంచినీటి చేప తన ఒంటికి కావలసిన ఉప్పును మొప్పల దగ్గర ఒక చిన్న దారిగుండా నీటినుంచి లాక్కుంటుంది. నైట్రైటు దూరేదీ ఆ దారినే. చెరువులో తగినంత ఉప్పు వేస్తే, దారి నిండా ఉప్పులోని క్లోరైడే కిక్కిరిసి, నైట్రైటుకు చోటు దొరకదు.

ఈ గొడవలేవీ పట్టనిది మన కొర్రమేను. తెలంగాణ రాష్ట్ర చేప అదే. దానికి తలలో, మొప్పలకు పైన, గాలి పీల్చే గదులు వేరే ఉన్నవి. అప్పుడప్పుడు పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగిపోతుంది. నీటిలో ప్రాణవాయువు అడుగంటినా దానికి లెక్కలేదు. తమాషా ఏమిటంటే, పైకి రానివ్వకుండా వలలో బిగించి నీళ్ళలోనే ఉంచితే, చేప అయి ఉండి కూడా ఊపిరాడక చస్తుంది! శీలావతికీ బొచ్చెకూ ఆ గదులు లేవు.

చెరువు ఉన్నవాళ్ళ పిల్లలు ఒక పరీక్ష చెయ్యవచ్చు. పెద్దవాళ్ళు పక్కన పట్టుకుని ఉంటేనే సుమా! ఒంటరిగా చెరువులో దిగవద్దు. ఎండ బాగా ఉన్న వేళ, చెయ్యి నిటారుగా, అరచెయ్యి పైకి మడిచి, నీటిలోకి మెల్లగా దించండి. మోచెయ్యి దాకా మునిగేసరికి అరచెయ్యి కనిపించకుండా పోతే నీటిలో నాచు తగినంత ఉన్నది. మణికట్టు మునగగానే మాయమైతే మరీ చిక్కగా ఉన్నది. రాత్రిళ్ళు కాపలా కాయాలి. మోచెయ్యి దాటినా వేళ్ళు లెక్కపెట్టగలిగితే నాచు చాలదు. శాస్త్రజ్ఞులు దీనికే ఒక పళ్ళాన్ని తాడుకు కట్టి దించుతారు. 1865లో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు సముద్రం మీద తెల్లని పళ్ళాలతో మొదలుపెట్టిన పద్ధతి అది.

మా మేనల్లుడు ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టాడు. సాయంత్రం అయిదింటికి ఒక అంకె, తెల్లవారుజామున అయిదింటికి ఒక అంకె, పక్కన "ఎండ" అనో "మబ్బు" అనో రాస్తాడు. పొద్దున నాలుగుకు తగ్గిందంటే ఆ రోజు సంచులు ఎన్ని కట్టాలన్నది వాడూ వాళ్ళ నాన్నా కలిసి తేల్చుకుంటారు.

అమ్మాయీ, నీ చేతిలోని తవుడు ఆ పూట చెరువులో పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు నీకే తెలుసు. దోసెడు తవుడుతో చెరువు పోదులే. కాని ఆ వేళ మీ నాన్నకు దోసెడూ సంచెడూ ఒకటిగానే కనిపించి ఉంటవి. ఆయన కోపంతో పట్టుకోలేదు నీ చెయ్యి. సాయంత్రం తీరిగ్గా కూచున్నప్పుడు దగ్గరికి వెళ్ళి, ఆ రోజు నీటిలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో, ఇంజను ఎన్నింటికి అందుకున్నదో అడుగు. ఆయన ఏమి చెప్పాడో నాకు రాయి.